ఆరేళ్ల దవడపన్ను బడిలోనే నిలబడాలి: అనంతపురం జిల్లా విద్యాశాఖకు, అంగన్‌వాడీలకు బహిరంగ లేఖ

అనంతపురం జిల్లా విద్యాశాఖాధికారి గారికి, స్త్రీ శిశు సంక్షేమ శాఖ ప్రాజెక్టు డైరెక్టరు గారికి, మండల విద్యాశాఖాధికారులకు, ప్రధానోపాధ్యాయులకు, అంగన్‌వాడీ టీచర్లకు, హాస్టల్ వార్డెన్లకు నమస్కారాలు.

పిల్లల పళ్లకు వైద్యం చేసే డాక్టర్లం, చిన్న తరగతులకు పాఠాలు చెప్పే టీచర్లం కలిసి ఈ లేఖ రాస్తున్నాం. మేం అడుగుతున్నది ఒక్కటే. అంగన్‌వాడీల్లోనూ, ఒకటి రెండు తరగతుల్లోనూ మధ్యాహ్న భోజనం కాగానే పిల్లలు టీచరు కళ్లముందే ఫ్లోరైడ్ పేస్టుతో పళ్లు తోముకునే ఏర్పాటు చేయండి. దీనికి కొళాయిలు అక్కర్లేదు, కొత్త గది అక్కర్లేదు. రోజుకు పది నిమిషాలు చాలు. ఎందుకు చేయాలో, ఎలా చేయాలో, మన జిల్లాలో ఏ విషయంలో జాగ్రత్త పడాలో కింద రాస్తున్నాం.

ముందు ఒకటో తరగతి సంగతి. ఆరేళ్లు వచ్చేసరికి బిడ్డ నోట్లో పాలపళ్ల వరుసకు వెనకాల, పైన రెండు, కింద రెండు, మొత్తం నాలుగు పెద్ద దవడపళ్లు మొలుస్తాయి. వాటికోసం ఏ పాలపన్నూ ఊడదు. అందుకే ఇంట్లో ఎవరికీ తెలియదు. తెలిసినా, అవీ పాలపళ్లేననుకుంటారు. నిజానికి అవి అరవై, డెబ్బై ఏళ్లు నమలాల్సిన శాశ్వత పళ్లు. చిగురు చీల్చుకుని పైకి వచ్చిన పన్ను ఎదురు పన్నును తాకే ఎత్తుకు రావడానికి నెలలు పడుతుంది. అన్నాళ్లూ అది పక్క పన్ను కంటే కిందికే ఉంటుంది. బ్రష్ పక్కపళ్ల మీదుగా జారిపోతుందే గాని దాన్ని తాకదు. పైగా దాని మీదుండే గాళ్లు చాలాచోట్ల బ్రష్ కుచ్చులోని ఒక్క పోగు కూడా దూరనంత సన్నగా ఉంటాయి. కొత్తగా మొలిచిన పన్ను ఎనామిల్, అంటే పన్ను పైనుండే గట్టి పొర, ఇంకా పూర్తిగా గట్టిపడి ఉండదు. ఈ మూడూ కలిసి వచ్చే వయసు సరిగ్గా బిడ్డ ఒకటి, రెండు తరగతుల్లో ఉండే వయసే. ఈ పని బడిలో జరగాలని మేం పట్టుబట్టడానికి కారణం ఇదే.

పాలపళ్లను వదిలేయమని కాదు. 'ఎట్లా ఊడిపోయేవే కదా' అనే మాట ముందరి పళ్లకు కొంత సరిపోతుంది గాని దవడల్లోని పాలపళ్లకు సరిపోదు. అవి పది, పన్నెండేళ్ల దాకా ఉండి నమలాలి, కింద పెరుగుతున్న పళ్లకు చోటు కాపాడాలి. ఐదేళ్లకే పుచ్చి పీకించుకుంటే వెనకున్న పెద్ద పన్ను ముందుకు ఒరిగిపోతుంది. తర్వాత రావాల్సిన పన్నుకు దారి దొరకక వంకరగా వస్తుంది.

ఇక పిల్లలకు కారణం చెప్పే పద్ధతి. మన దగ్గర పుచ్చు పన్నును 'పురుగు తినింది' అంటాం. మాట వరసకు అనుకుంటే పర్వాలేదు గాని చాలామంది అది నిజమనే నమ్ముతున్నారు. వాకుడు గింజల పొగ పట్టిస్తే పురుగులు రాలతాయని బిడ్డను తీసుకెళ్లేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. పన్నులో పురుగుండదు. పొగ పట్టినప్పుడు రాలినట్టు చూపించేవి వేడికి పగిలిన గింజల తునకలే. పొగ వల్ల నొప్పి కాసేపు తగ్గినట్టు అనిపించి, ఆసుపత్రికి వెళ్లాల్సిన రోజులు దాటిపోతాయి. పురుగే కారణమని నమ్మిన బిడ్డకు తోముకోవడానికీ తినడానికీ ఉన్న సంబంధం అర్థం కాదు. ముందు ఈ ముడి విప్పాలి.

బడిలో ఈ పాఠానికి కావాల్సిన సామాను మధ్యాహ్న భోజనంలోనే దొరుకుతుంది. గుడ్డు వలిచాక మిగిలిన పెంకు ముక్కలు రెండు తీసుకోండి. ఒకటి నీళ్ల గ్లాసులో, ఇంకొకటి వెనిగర్ గ్లాసులో వేయండి. వెనిగర్‌లో వేసిన పెంకు చుట్టూ వెంటనే బుడగలు లేస్తాయి. మర్నాటికి పెంకు కరిగి, లోపలి పల్చటి పొర మాత్రమే మిగులుతుంది. నీళ్లలోది చెక్కుచెదరదు. వెనిగర్ లేకపోతే నిమ్మరసం పనికొస్తుంది గాని నిదానంగా జరుగుతుంది. పెంకూ పన్నూ ఒకే పదార్థం కాదని, పన్ను ఇంకా గట్టిదని, అయినా పులుపుకు రెండూ కరుగుతాయని పిల్లలకు చెప్పండి. ఆ తర్వాత అసలు ప్రశ్న వేయండి: మనం వెనిగర్ తాగం కదా, మరి నోట్లోకి పులుపు ఎక్కడిది?

జవాబు పాచిలో ఉంది. పొద్దున్నే వేలి గోటితో పన్ను గీకితే వచ్చే తెల్లటి జిగురే పాచి. దాని నిండా కంటికి కనబడని సూక్ష్మజీవులు. మనం తిన్న తీపినీ పిండినీ అవి కూడా తిని ఆమ్లం వదులుతాయి. పులుపును కొలిచే అంకెను పీహెచ్ అంటారు, అది తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ. తిన్న కొద్ది నిమిషాల్లోనే పన్ను మీద పీహెచ్ 5.5 కంటే కిందికి పడిపోతుంది. అక్కడి నుంచి ఎనామిల్‌లోని ఖనిజం కరగడం మొదలవుతుంది. దాన్ని మళ్లీ మామూలుకు తెచ్చేది ఉమ్మి. దానికి అరగంట నుంచి గంట దాకా పడుతుంది. ఆ వ్యవధిలో మళ్లీ ఏమీ తినకపోతే పోయిన ఖనిజంలో కొంత తిరిగి పన్నులో చేరుతుంది కూడా. తినేది ఎంత అనే దానికంటే ఎన్నిసార్లు అనేది ముఖ్యం కావడం ఇందువల్లే. ఐదు పిప్పరమెంట్లు అన్నం తిన్న వెంటనే ఒకేసారి తిన్న బిడ్డ పళ్లకు ఒక్క దెబ్బే తగులుతుంది. అవే ఐదింటిని జేబులో పెట్టుకుని గంటకొకటి చప్పరించిన బిడ్డ పళ్లు బడి వదిలేదాకా ఆమ్లంలోనే నానతాయి.

'చాక్లెట్లు తినకూడదు' అని గోడ మీద రాసినంత మాత్రాన పని జరగదని మేం అనేది కూడా ఇందుకే. చాక్లెట్ కంటే బిస్కెట్, బన్ను, ప్యాకెట్ చిప్స్ దవడపళ్ల గాళ్లలో ఎక్కువసేపు కూరుకుపోయి ఉంటాయి. ఇది కూడా పిల్లలకు చూపించవచ్చు. తలా ఒక బిస్కెట్ ఇచ్చి, తిన్నాక ఐదు నిమిషాలాగి, చిన్న అద్దంలో వెనకపళ్లు చూసుకోమనండి. గాళ్ల నిండా పిండి ముద్ద కనబడుతుంది. తీపి లేని చిప్స్ ఏం చేస్తాయని నాలుగో తరగతి పిల్లలు అడుగుతారు. వండిన పిండి పదార్థం నోట్లోనే ఉమ్మితో కలిసి చక్కెరగా మారుతుందని చెప్పండి. అన్నం ముద్దను రెండు నిమిషాలు నమిలితే తియ్యగా అనిపించడం వాళ్లకు తెలిసిందే.

బడిలో ఇచ్చే చిక్కీ, రాగిజావ మాటేమిటని అడగొచ్చు. వాటిని ఆపమని మేం ససేమిరా అనం. రక్తహీనత ఉన్న పిల్లలకు అవి అవసరం. కానీ వేరుశనగ చిక్కీలోని బెల్లంపాకం పంటికి అతుక్కుంటుంది. పాకంతో పాటు బుడ్డల పలుకులు గాళ్లలో ఇరుక్కుంటాయి. దాన్ని సాయంత్రం ఇంటికి వెళుతూ దారి పొడవునా కొరుక్కుంటూ తినేలా చేతికివ్వకుండా, అన్నంతో పాటే పెట్టి అక్కడే తినిపించి, ఆ తర్వాత పళ్లు తోమిస్తే పోషణ పోదు, పన్నూ పోదు. పొద్దున ఇచ్చే జావ తాగాక ఒక గుక్క నీళ్లు పుక్కిలించి మింగమంటే చాలు. పుట్టినరోజు చాక్లెట్లు కూడా ప్రార్థన దగ్గర కాకుండా భోజనం దగ్గర పంచిపెట్టండి. బెల్లం ఆరోగ్యానికి మంచిది కాబట్టి పళ్లకూ మంచిదే అన్న అపోహ మన ప్రాంతంలో గట్టిగా ఉంది. పాచిలోని సూక్ష్మజీవులకు బెల్లమైనా, తేనె అయినా, చక్కెర అయినా ఒకటే. చిరుతిండికి తీపి లేని వేయించిన బుడ్డలు, మజ్జిగ, జామకాయ మేలు. ఐదేళ్లలోపు పిల్లలకు మాత్రం గింజలు గింజలుగా బుడ్డలు పెట్టకండి, గొంతుకు అడ్డం పడతాయి.

ఇప్పుడు అసలైన చిక్కుముడి, ఫ్లోరైడ్. అనంతపురంలో ఈ మాట వింటేనే తల్లిదండ్రులు భయపడతారు. భయపడటం సహజమే. బోరునీళ్లలో ఫ్లోరైడ్ వల్ల పళ్ల మీద గోధుమ చారలు పడ్డవాళ్లను, నడుము వంగిపోయినవాళ్లను చూసిన జిల్లా ఇది. 1990లలో సత్యసాయి తాగునీటి పథకం రావడానికి ఉన్న కారణాల్లో ఇదొకటి. అందువల్లే 'మన నీళ్లలోనే ఉంది కదా, మళ్లీ పేస్టులో కూడానా' అని ఫ్లోరైడ్ లేని పేస్టు కొంటున్నారు, లేదా పేస్టే మానేసి బొగ్గు, ఇటుకపొడి వాడుతున్నారు. టీచర్లలోనూ ఈ అనుమానం ఉందని తెలుసు. దయచేసి ఈ లెక్క చూడండి.

మన దేశంలో అమ్మే పేస్టులో ఫ్లోరైడ్ 1000 పీపీఎం, అంటే పది లక్షల వంతుల్లో వెయ్యి వంతులు, మించకూడదని నిబంధన. ఎంత ఉందో ట్యూబు మీద రాసి ఉండాలి. బియ్యపు గింజంత పేస్టు బరువు సుమారు 0.1 గ్రాము. అందులో ఉండే ఫ్లోరైడ్ 0.1 మిల్లీగ్రాము. నీళ్లలో లీటరుకు 1 మిల్లీగ్రాము దాకా ఉండవచ్చని, వేరే నీళ్లు దొరకనిచోట 1.5 దాకా సరిపెట్టుకోవచ్చని భారతీయ ప్రమాణాల సంస్థ చెబుతోంది. ఒక ఊరి బోరులో 2 మిల్లీగ్రాములుందనుకుందాం. ఆ నీళ్లు లీటరు తాగిన బిడ్డ ఒంట్లోకి పోయేది 2 మిల్లీగ్రాములు. బియ్యపు గింజంత పేస్టు మొత్తం మింగేసినా అందులో ఇరవయ్యో వంతే. అది కూడా ఉమ్మేస్తే చాలావరకు పోతుంది. ముప్పు నీళ్లలో ఉంది. మార్చాల్సింది నీళ్లను.

రెండింటి పనితీరూ వేరు. పళ్ల మీద చారలు పడటం పన్ను దవడ ఎముకలో తయారవుతున్నప్పుడు జరుగుతుంది. ఎనిమిదేళ్ల దాకా ఆ అవకాశం ఉంది. పైన కనబడే ముందరి పళ్లకైతే మొదటి మూడేళ్లే కీలకం. బిడ్డ మింగిన ఫ్లోరైడ్ రక్తంలో కలిసి అక్కడికి చేరుతుంది. పేస్టులోని ఫ్లోరైడ్ మేలు చేసేది మాత్రం మొలిచిన పన్నుకు బయటి నుంచి. ఆమ్లం తీసుకుపోయిన ఖనిజం తిరిగి చేరేటప్పుడు ఫ్లోరైడ్ కూడా కలిసి, ముందుకంటే తక్కువ కరిగే పొర ఏర్పడుతుంది. ఫ్లోరోసిస్, అంటే ఫ్లోరైడ్ ఎక్కువై చారలు పడే జబ్బు, ఉన్న పన్నుకు పుచ్చు రాదనుకోవడం కూడా పొరపాటే. చారలు తేలికగా ఉన్న పన్ను సంగతి ఎలా ఉన్నా, గుంటలు పడి పెచ్చులూడిన పన్ను మీద పాచి ఇంకా ఎక్కువ పట్టి తొందరగా పుచ్చుతుంది.

కాబట్టి మా సలహా ఇది. మూడేళ్లలోపు బిడ్డకు బియ్యపు గింజంత. మూడు నుంచి ఆరేళ్ల దాకా బఠాణీ గింజంత, అంటే సుమారు పావు గ్రాము. నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన ఊళ్లలో ఆరేళ్ల దాకా బియ్యపు గింజంతతోనే సరిపెట్టండి. ఉమ్మడం రాని పసిబిడ్డ విషయంలో డాక్టరును అడిగి చేయండి. ప్రకటనల్లో చూపించినట్టు బ్రష్ పొడవునా పేస్టు పెట్టొద్దు. ట్యూబు పిల్లల చేతికి ఇవ్వొద్దు. తియ్యగా ఉంటే నాకుతారు. నీళ్లు కాచి తాగితే ఫ్లోరైడ్ పోదు, నీరు ఆవిరైన కొద్దీ చిక్కబడుతుంది. తాగడానికి క్యాను నీళ్లు తెప్పించి పప్పు, సాంబారు మాత్రం బోరునీళ్లతో వండే బడులున్నాయి. వంటనీళ్లు కూడా లెక్కలోకి తీసుకోండి. ప్రతి బడి, ప్రతి అంగన్‌వాడీ నీళ్లను గ్రామీణ నీటి సరఫరా శాఖ ప్రయోగశాలలో పరీక్ష చేయించి, వచ్చిన అంకెను వంటగది గోడ మీద రాయించాలని కోరుతున్నాం.

బడిలో తోమించే పద్ధతి. నలభై మంది పిల్లలున్న తరగతిని ఉదాహరణగా తీసుకుందాం. ఒక్కొక్కరికి చిన్న తల, మెత్తటి కుచ్చు ఉన్న బ్రష్, పిడి మీద చెరగని ఇంకుతో పేరు లేదా అంకె. బ్రష్‌లన్నీ ఒక డబ్బాలో గుత్తిగా పెడితే ఒకరి కుచ్చు ఇంకొకరిదానికి తగులుతుంది. అలా కాకుండా చెక్కకో, మందపాటి అట్టకో రంధ్రాలు చేసి, కుచ్చు పైకి ఉండేలా ఎడంగా నిలబెట్టండి. తడిగా ఉండగా మూత బిగించొద్దు, గాలికి ఆరాలి. బల్లులు, ఈగలు చేరకుండా పల్చటి గుడ్డ కప్పితే చాలు.

పేస్టు నేరుగా ఒక్కో బ్రష్ మీద పిండితే ట్యూబు మూతి అందరి బ్రష్‌లకూ తగిలి అంటువ్యాధులు పాకుతాయి. ఒక కాగితం పళ్లెంలో చుక్కలు చుక్కలుగా పెట్టండి. ఒక్కో బిడ్డ వచ్చి ఒక్కో చుక్కను తన బ్రష్‌తో అద్దుకుంటుంది. బియ్యపు గింజంత అయితే నలభై మందికి రోజుకు 4 గ్రాములు, వంద గ్రాముల ట్యూబు 25 రోజులు వస్తుంది. బఠాణీ గింజంత అయితే పది రోజులు. ప్రధానోపాధ్యాయులు ఖర్చు లెక్క వేసుకోవడానికి ఇది సరిపోతుంది.

తోమడం రెండు నిమిషాలు. చిన్నపిల్లలకు పైకీ కిందికీ అడ్డంగా అని చెబితే గందరగోళం. పళ్లు కలిపి పట్టి బయటివైపు చిన్న చిన్న సున్నాలు చుట్టమనండి. నోరు తెరిచి లోపలివైపు కూడా సున్నాలే. నమిలే భాగం మీద మాత్రం ముందుకూ వెనక్కూ. చివరన టీచరు 'ఆరేళ్ల పన్ను' అని కేక వేయగానే, బ్రష్‌ను నోటి మూల నుంచి అడ్డంగా తిప్పి చిట్టచివరి దవడపన్ను మీద పదిసార్లు రుద్దాలి. పక్కపన్ను ఎత్తుగా ఉన్నా అడ్డంగా పెడితే కుచ్చు దాని మీదకు దిగుతుంది. మొత్తం పద్ధతిలో మేం ఎక్కువగా ఆశపెట్టుకున్నది ఈ పది రుద్దుల మీదే.

ఆ తర్వాత ఉమ్మేయాలి, నీళ్లతో పుక్కిలించకూడదు. పుక్కిలిస్తే పన్ను మీద మిగలాల్సిన ఫ్లోరైడ్ కాస్తా కొట్టుకుపోతుంది. నీళ్ల కరువున్న మన బడులకు ఇది అదనపు వెసులుబాటు. ఆరుబయట ఇసుక పోసిన తొట్టిలో ఉమ్మించి, బ్రష్ కడగడానికి తలా 50 మిల్లీలీటర్లు పోస్తే తరగతి మొత్తానికి రెండు లీటర్లు. తోమాక అరగంట దాకా తినడానికి ఏమీ ఇవ్వొద్దు. మూడు నెలలకోసారి, లేదా కుచ్చు విచ్చుకుపోతే అంతకంటే ముందే, బ్రష్ మార్చాలి. జలుబు, జ్వరం తగిలిన బిడ్డ బ్రష్‌ను తీసి విడిగా పెట్టండి.

నెలకోసారి బీట్‌రూట్ ముక్క నమిలించి చూడండి. అరనిమిషం నమిలి, ఉమ్మి, ఒక గుక్క నీళ్లు పోసుకున్నాక పాచి ఉన్నచోట గులాబీ రంగు నిలుస్తుంది. చిగురు అంచున, కింది పళ్ల లోపలివైపున ఎక్కువగా కనబడుతుంది. తిట్టకుండా అద్దమిచ్చి, ఆ రంగు పోయేదాకా వాళ్ల చేతనే తోమించండి. ఎక్కడ వదిలేస్తున్నారో వాళ్లకే తెలుస్తుంది. వేపపుల్ల, గానుగపుల్ల వాడే ఇళ్లున్నాయి. వాటిని తప్పుపట్టాల్సిన పనిలేదు, ముందరి పళ్లు శుభ్రపడతాయి. చివరి దవడపన్నుకు అందవు, ఫ్లోరైడ్ ఇవ్వవు, అంతే. బొగ్గు, ఇటుకపొడి మాత్రం ఎనామిల్‌ను అరగదీస్తాయి. మాన్పించండి.

హాస్టళ్ల విషయం ఇంకా ముఖ్యం. నిద్రలో ఉమ్మి బాగా తగ్గిపోతుంది. రాత్రి తిన్నది పళ్లకు అంటుకునే పడుకుంటే ఆమ్లాన్ని విరిచేది ఏమీ ఉండదు. అందుకే రాత్రి తోముకోవడం పొద్దుటి దానికంటే విలువైనది. ఇంటి దగ్గర ఇది బడి చేతిలో లేదు. కస్తూర్బా విద్యాలయాల్లో, గురుకులాల్లో, సంక్షేమ హాస్టళ్లలో ఉంది. రాత్రి చదువు గంట ముగిశాక, దీపాలార్పే ముందు, తోముకున్నాకే పడక అని నియమం పెట్టండి. ఇళ్లలోని తల్లిదండ్రులకు చెప్పాల్సింది రెండు ముక్కలు. ఏడెనిమిదేళ్ల దాకా రాత్రిపూట బిడ్డ పళ్లు పెద్దవాళ్లే తోమాలి, అప్పటికిగాని చేతికి పట్టు రాదు. చక్కెర కలిపిన పాలసీసా నోట్లో పెట్టి నిద్రపుచ్చొద్దు. అలా పుచ్చిన నోళ్లలో పైనున్న ముందరి పాలపళ్లు నాలుగూ మొదళ్ల దాకా పోతాయి. కిందివాటిని నాలుక కప్పి ఉంచుతుంది కాబట్టి అవి మిగులుతాయి. అంగన్‌వాడీ టీచర్లు ఈ గుర్తును చూడగానే సీసా అలవాటు గురించి అడగండి.

చారకూ పుచ్చుకూ తేడా టీచర్లు గుర్తుపట్టగలరు. ఫ్లోరైడ్ చారలు కుడివైపు పన్నుకూ ఎడమవైపు జోడీ పన్నుకూ ఒకేలా, అడ్డంగా ఉంటాయి. పన్ను మొలిచినప్పటి నుంచే ఉంటాయి. పుచ్చు తప్పనిసరిగా అలా జోడీలుగా రాదు. మొదట చిగురు అంచున సుద్దలాంటి తెల్లమచ్చ. ఈ దశలో ఫ్లోరైడ్ పేస్టుతో, తీపిని భోజనానికే పరిమితం చేయడంతో ఆగిపోయే అవకాశం ఉంది. తర్వాత గోధుమరంగు, తర్వాత గుంట. గుంట పడ్డా చాలాకాలం నొప్పి ఉండదు. నొప్పి రాలేదు కదా అని వదిలేస్తే తర్వాత నరం దాకా పోతుంది. రాత్రి నిద్రలేపే నొప్పి, చిగురు మీద చీము పొక్కు కనిపిస్తే ఆ వారంలోనే, చెంప వాచి జ్వరం వస్తే ఆ రోజే ఆసుపత్రికి పంపాలి. వాచిన చెంపకు వేడి కాపడం పెట్టొద్దు. పొగాకు, కర్పూరం, మాత్రల పొడి పన్నులో కుక్కొద్దు, చిగురు కాలిపోతుంది.

పిల్లలకు ఆరోగ్య పరీక్షలు చేసే ప్రభుత్వ పథకమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందాలు అంగన్‌వాడీకి ఏడాదికి రెండుసార్లు, ప్రభుత్వ బడికి ఒకసారి రావాలి. వాళ్లు చూడాల్సిన జబ్బుల జాబితాలో పళ్లు కూడా ఉన్నాయి. ఒకటో తరగతి, రెండో తరగతి రిజిస్టరులో నాలుగు గళ్లు అదనంగా గీయించండి, ఆరేళ్ల దవడపన్ను ఒక్కోదానికి ఒక గడి. మొలవలేదు, బాగుంది, గాడి నల్లబడింది, గుంట పడింది అని నాలుగే మాటలు. బాగున్న పన్ను గాళ్లను సీలెంట్ అనే పూతతో పూడ్చవచ్చు. పన్ను మీద ఏడాదికి రెండుసార్లు ఫ్లోరైడ్ వార్నిష్ పూయవచ్చు. గుంట పడ్డ పాలపన్నుకు సిల్వర్ డయమైన్ ఫ్లోరైడ్ అనే మందు చుక్క వేస్తే మిషను, సూది లేకుండా పుచ్చు చాలావరకు ఆగుతుంది. పన్నులో పుచ్చిన భాగం నల్లగా మారుతుందని తల్లిదండ్రులకు ముందే చెప్పి ఒప్పించాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఈ మందును అత్యావశ్యక మందుల జాబితాలో చేర్చింది. కరెంటు లేని బడి వరండాలో కూడా చేయగల పనులివి. అనంతపురం ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి దంతవిభాగం, కడప ప్రభుత్వ దంతవైద్య కళాశాల సాయం తీసుకుని మండలానికో రోజు కేటాయించేలా వైద్య ఆరోగ్య శాఖతో మాట్లాడమని విద్యాశాఖాధికారి గారిని కోరుతున్నాం.

జూన్‌లో బడులు తెరిచే నాటికి ప్రతి మండలంలో రెండు బడులు, రెండు అంగన్‌వాడీలు, ఒక హాస్టల్‌తో మొదలుపెట్టండి. ఎంపిక చేసేటప్పుడు నీళ్ల పరీక్షలో ఫ్లోరైడ్ ఎక్కువ వచ్చిన ఊరు ఒకటి, తక్కువ వచ్చిన ఊరు ఒకటి ఉండేలా చూడండి. టీచర్లకు ఒక పూట శిక్షణ సరిపోతుంది. చుక్కలు పెట్టడం, అడ్డంగా రుద్దించడం, రిజిస్టరు గళ్లు నింపడం మేమే వచ్చి నేర్పిస్తాం. తేదీ ఖరారు చేసి మండల విద్యాశాఖాధికారుల ద్వారా కబురు చేయండి.

ఇట్లు,
పిల్లల దంతవైద్యులు, ప్రాథమిక పాఠశాలల టీచర్లు,
అనంతపురం